అధివృక్క గ్రంథులు: సమతూకమే సంజీవని

"పిట్ట కొంచెం, కూత ఘనం" అనే సామెత మన పల్లెలలో తరచు వినబడుతుంది. ఈ సామెతకు చక్కని నిదర్శనం మన శరీరంలోనే ఒకటి ఉన్నది. రెండు మూత్రపిండాల శిరస్సుల మీద చిన్న టోపీల వలె అమరి ఉండే గ్రంథులు రెండున్నాయి. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువు మాత్రమే తూగుతుంది. రెండింటిని కలిపి తూచినా పది గ్రాములకు మించవు. అయినను వీటి పని పూర్తిగా ఆగిపోయి, సకాలంలో వైద్యం అందకపోతే మనిషి జీవించడం అసాధ్యం. ఇవియే అధివృక్క గ్రంథులు. వృక్కమనగా మూత్రపిండం. దానిపైన ఉన్నది గనుక అధివృక్కం అయినది. వైద్యులు వాడే ఎడ్రినల్ అనే మాటకు కూడా ఇంచుమించు ఇదే అర్థం.

తెలుగు పాఠాలు చెప్పే అధ్యాపకునికి వైద్య విషయంతో పనేమిటని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. నేను వైద్యుడను కాను. కాని మా ఇంటిలో జరిగిన ఒక సంఘటన నన్ను ఈ గ్రంథుల గురించి చదివేటట్లు చేసింది. చదివినకొద్దీ, ఈ విషయం మన ప్రాంతంలో ప్రతి కుటుంబానికీ తెలియవలసినదేనని నాకు తోచింది. అందువల్లనే ఈ చిన్న ప్రయత్నం.

ఒక అనుభవం

మా ఖాలా, అనగా మా అమ్మగారి అక్క, ఆమడగూరు ప్రాంతంలోని ఒక పల్లెలో నివసిస్తుంది. వేరుశనగ చేలలో కలుపు తీసి, కాయ ఒలిచి, నలుగురు బిడ్డలను పెంచిన మనిషి. అరవై ఏళ్లు దాటేసరికి మోకాళ్లు పట్టుకొన్నాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే నడవలేదు. ఒక వారం సంతలో ఎవరో కాగితపు పొట్లాలు అమ్ముతున్నారని విని తెప్పించుకొన్నది. ఒక్కొక్క పొట్లంలో రెండేసి మాత్రలు. వాటికి పేరు లేదు, చీటీ లేదు. నాలుగు రోజులు తిరిగేసరికి నొప్పులు చేత్తో తీసివేసినట్లు పోయాయి. ఆకలి పెరిగింది. ముఖం గుండ్రంగా నిండింది. "ఏం బూబమ్మా, బాగా ఒళ్లు చేసినావే!" అని ఇరుగుపొరుగు వారు మెచ్చుకొన్నారు. ఆమెకు కూడా సంతోషమే.

ఇట్లు ఏడాదిన్నర గడిచింది. చేతుల మీద చిన్న దెబ్బకే నల్లని కమిలిన మచ్చలు పడసాగాయి. కాళ్లు చేతులు సన్నబడి పొట్ట మాత్రం పెరిగింది. వయసు మీద పడిందని సరిపెట్టుకొన్నాం. ఇంతలో ఆ పొట్లాల మనిషి సంతకు రావడం మానివేశాడు. మాత్రలు నిలిచిపోయాయి. అదే సమయంలో జ్వరం తగిలింది. మూడవ రోజున వాంతులు పట్టుకొని, మాట తడబడి, స్పృహ తప్పింది. దిష్టి అన్నవారు దిష్టి అన్నారు, గాలి అన్నవారు గాలి అన్నారు. మేము జీపులో వేసుకొని పట్టణంలోని ఆసుపత్రికి తీసుకొని వెళ్లాం.

వైద్యుడు ఆమె గుండ్రని ముఖాన్ని, చేతుల మీది మచ్చలను చూచాడు. రక్తపు పోటు అట్టడుగుకు పడిపోయి ఉన్నది. "అమ్మకు ఇన్నాళ్లు ఏ మాత్రలు వేస్తున్నారయ్యా?" అని అడిగాడు. నేను ఆమె ఆకువక్కల సంచి వెదకి, అడుగున మిగిలిన ఒక పొట్లం తీసి చూపించాను. ఆయన వెంటనే సెలైను ఎక్కించి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను ఇచ్చాడు. తెల్లవారేసరికి ఖాలా కళ్లు తెరచి మమ్మల్ని పేరుపేరునా పిలిచింది. ఆ ఉదయం వైద్యుడు నాతో అన్న మాటలు ఇప్పటికీ జ్ఞాపకమే. "ఈ మాత్ర చెడ్డది కాదయ్యా. ఇచ్చిన పద్ధతి చెడ్డది. ఆపిన పద్ధతి అంతకంటె చెడ్డది" అన్నాడు.

ఆ మాటల అర్థం తెలియాలంటే ముందు ఈ గ్రంథుల సంగతి తెలియాలి.

గ్రంథి నిర్మాణం

లాలాజల గ్రంథుల వంటివి తమ స్రావాన్ని నాళాల ద్వారా పంపుతాయి. నాళాలు లేకుండా నేరుగా రక్తంలోనికి స్రవించే గ్రంథులను వినాళ గ్రంథులంటారు. వాటి స్రావాలే హార్మోనులు. అధివృక్క గ్రంథులు ఈ కోవకు చెందినవి. పదునారవ శతాబ్దంలో ఇటలీ దేశపు శరీర శాస్త్రవేత్త యూస్టాచి వీటిని మొదట వర్ణించాడు. అయితే ఇవి ఎందుకున్నాయో మూడు శతాబ్దాల వరకు ఎవరికీ తెలియలేదు. 1855లో లండను వైద్యుడు థామస్ ఆడిసన్, ఈ గ్రంథులు చెడినందువల్ల మరణించిన రోగుల వివరాలు ప్రకటించాడు. మరుసటి ఏడు బ్రౌన్ సెకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు జంతువులలో ఈ గ్రంథులను తొలగించి, అవి బ్రతుకజాలవని నిరూపించాడు.

ఒక గ్రంథిని అడ్డుగా కోసి చూస్తే రెండు భాగాలు కనబడతాయి. వెలుపలి భాగం వల్కలం, లోపలి భాగం దవ్వ. గ్రంథిలో అధిక భాగం వల్కలమే. పేరుకు ఒకే గ్రంథి అయినా పుట్టుకలోనూ, పనిలోనూ ఈ రెండూ వేరు వేరు. ఒకే కప్పు క్రింద రెండు కాపురాలున్నట్లు ఇవి ఇమిడి ఉన్నాయి.

దవ్వ: ఆపదలో ఆదుకొనే భాగం

రాత్రివేళ పొలం గట్టు మీద నడుస్తుండగా కాలి ముందర పాము కదిలిందనుకొందాం. ఆలోచన కలిగేలోపలే గుండె దడదడ కొట్టుకుంటుంది. కండరాలు బిగుస్తాయి, కంటిపాపలు విచ్చుకొంటాయి, నోరు ఎండుతుంది. మనిషి ఎగిరి ఇవతల పడతాడు. ఇదంతా దవ్వ నుండి వెలువడే ఎడ్రినలిన్, నారెడ్రినలిన్ అనే హార్మోనుల పని. అవి గుండె వేగాన్ని, రక్తపు పోటును పెంచుతాయి. చర్మానికి, జీర్ణకోశానికి పోయే రక్తాన్ని తగ్గించి కండరాలకు మళ్లిస్తాయి. కాలేయంలో దాచిన గ్లైకోజనును చక్కెరగా మార్చి రక్తంలోనికి వదలుతాయి. పోరాడుటకో, పారిపోవుటకో శరీరాన్ని క్షణంలో సిద్ధం చేస్తాయి. జపాను దేశీయుడైన జోకిచి టకమినె 1901లో ఎడ్రినలిన్‌ను శుద్ధమైన స్ఫటికాలుగా వేరు చేసి ప్రపంచానికి అందించాడు.

ఈ సందర్భంలో తెలుగువారు గర్వించదగిన ఒక విషయం చెప్పవలసి ఉన్నది. ఎడ్రినలిన్ కణం లోపలికి పోదు. తలుపు తట్టి కబురు చెప్పి వెళుతుంది. ఆ కబురును కణం లోపలికి చేరవేసే దూత సైక్లిక్ ఎ.ఎం.పి. అనే పదార్థమని ఎర్ల్ సదర్లాండ్ కనుగొని, 1971లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ దూత తయారయ్యేది ఎ.టి.పి. అనే అణువు నుండి. కణాల శక్తికి మూలధనమైన ఆ ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ కృషి చేశాడు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడ దానిని కనుగొన్నాడు.

దవ్వ చేసే మేలు మితి మీరితే ఎట్లుండునో మన రాయలసీమ రైతులకు వేరే చెప్పనక్కరలేదు. రాళ్ల క్రింద, వేరుశనగ వాముల క్రింద దాగి ఉండే ఎర్రతేలు కుట్టినప్పుడు, దాని విషం నాడుల కొనలను, అధివృక్క దవ్వను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఎడ్రినలిన్, నారెడ్రినలిన్‌లు వరదలా రక్తంలోనికి వచ్చి పడతాయి. చెమటలు కారుతాయి, కాళ్లు చేతులు చల్లబడతాయి, పోటు పెరుగుతుంది, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. పూర్వం పసిపిల్లలు ఇట్లు ఎందరో ప్రాణాలు కోల్పోయేవారు. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో పని చేసిన డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ 1980 దశకంలో, ఈ హార్మోనుల దెబ్బను అడ్డగించే ప్రజోసిన్ అనే మాత్ర తేలుకాటుకు ప్రాణరక్షకమని చూపించాడు. సకాలంలో ఆ మందు అందిన చోట మరణాలు బాగా తగ్గిపోయాయి. కావున తేలు కుట్టిన బిడ్డకు మంత్రం వేయిస్తూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి చేర్చడం మన కర్తవ్యం.

తేలు కుట్టకుండానే దవ్వలో ఇట్టి తుఫాను రేగడం కూడ కలదు. అక్కడ పెరిగే ఒక అరుదైన గడ్డ పేరు ఫియోక్రోమోసైటోమా. ఉన్నట్టుండి తలనొప్పి, విపరీతమైన చెమట, గుండెదడ, ఆకాశానికంటే పోటు దీని లక్షణాలు. కొంతసేపటికి అన్నీ సర్దుకొంటాయి. మరల ఒకనాడు వస్తాయి. గడ్డను శస్త్రచికిత్సతో తీసివేస్తే చాలమందికి నయమవుతుంది.

వల్కలం: మూడు పొరలు, మూడు పనులు

వల్కలం తయారుచేసే హార్మోనులన్నిటికీ మూలపదార్థం కొలెస్టిరాలు. ఈ హార్మోనులనే స్టిరాయిడ్లంటారు. వల్కలంలో మూడు పొరలున్నాయి.

వెలుపలి పొర నుండి వచ్చేది ఆల్డోస్టిరోన్. 1953లో దీనిని వేరు చేశారు. మూత్రం ద్వారా ఉప్పు వృథాగా పోకుండ ఆపి, పొటాషియంను బయటికి పంపడం దీని పని. ఎండలో చెమటోడ్చిన రైతు శరీరంలో ఉప్పు, నీరు నిలిచి పోటు పడిపోకుండ కాపాడేది ఇదే.

నడిమి పొర నుండి వచ్చేది కార్టిసాల్. ఆకలిగొన్నప్పుడు రక్తంలో చక్కెర తగ్గకుండ చూడడం, రక్తనాళాల బిగువు నిలపడం, వాపును, మంటను అదుపులో ఉంచడం, జ్వరం, గాయం, శస్త్రచికిత్స వంటి కష్టాలలో శరీరాన్ని నిలబెట్టడం దీని బాధ్యతలు. ఆరోగ్యవంతుని శరీరం దినానికి సుమారు 10 నుండి 20 మిల్లీగ్రాముల కార్టిసాల్ తయారుచేస్తుంది. తీవ్రమైన జబ్బు వచ్చినప్పుడు ఇది కొన్ని రెట్లు పెరుగుతుంది. దీనికి ఒక దినచర్య ఉన్నది. అర్ధరాత్రి అతి తక్కువగా ఉండి, తెల్లవారుజామున పెరగసాగి, మనం నిద్ర లేచే వేళకు శిఖరానికి చేరుతుంది. పల్లెలో కోడి కూయకముందే, మసీదులో ఫజర్ అజాన్ వినబడకముందే, మన కొరకు ఈ గ్రంథి మేలుకొని పని ప్రారంభిస్తుంది.

లోపలి పొర నుండి పురుష హార్మోనుల వంటివి కొద్ది మోతాదులో వస్తాయి. స్త్రీ పురుషులిద్దరిలోనూ ఇవి ఉంటాయి.

నీరుగంటి ఉపమానం

ఇన్ని పనులు చేసే కార్టిసాల్ ఎంత కావాలో నిర్ణయించేదెవరు? మెదడు అడుగు భాగంలో హైపోథాలమస్ అనే కేంద్రమున్నది. దాని క్రింద శనగగింజంత పీయూష గ్రంథి ఉన్నది. హైపోథాలమస్ ఆజ్ఞతో పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్. అనే హార్మోనును పంపుతుంది. అది అధివృక్క వల్కలాన్ని తట్టి లేపుతుంది. రక్తంలో కార్టిసాల్ చాలినంత ఉంటే పై ఆజ్ఞ తగ్గుతుంది. తక్కువైతే ఆజ్ఞ పెరుగుతుంది.

మన సీమలో చెరువు క్రింద సేద్యం చేసే ఊళ్లలో నీరుగంటి అని ఒకరుండేవారు. పొలాలకు నీరు చాలిందో లేదో చూచి తూము ఎత్తడం, దించడం ఆయన పని. పీయూష గ్రంథి మన శరీరపు నీరుగంటి. ఇప్పుడు ఒక సంగతి ఊహించండి. ఎవరో బయటినుండి ట్యాంకర్లతో ప్రతిదినం పొలానికి నీరు తోలుతున్నారు. పొలం ఎప్పుడు చూచినా నిండుగనే ఉన్నది. నీరుగంటి తూము మూసివేసి పోయి నిద్రిస్తాడు. నెలలు గడిచేకొద్దీ కాలువలో పూడిక చేరుతుంది, ముళ్లచెట్లు మొలుస్తాయి. ఒకనాడు ట్యాంకర్లు హఠాత్తుగా ఆగిపోతాయి. నీరుగంటి పరుగెత్తి వచ్చి తూము ఎత్తినా నీరు పొలానికి చేరదు. పూడిక తీసి కాలువను బాగు చేసుకొనేలోపల పైరు ఎండిపోతుంది.

మా ఖాలా విషయంలో జరిగినది సరిగ్గా ఇదే. ఆ పొట్లాలలో ఉన్నది స్టిరాయిడు మాత్ర. అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర చూచుటకు ఆవగింజకు అన్నలా ఉంటుంది. కాని అది సుమారు 13 మిల్లీగ్రాముల కార్టిసాల్‌కు సాటి. అనగా శరీరం ఒక దినమంతా తయారుచేసేదానికి దాదాపు సమానం. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాముల కార్టిసాల్‌కు సాటి. రోజుకు రెండు మూడు మాత్రలు ఏడాదిన్నర పాటు మింగితే అధివృక్కం కుంచించుకొని నిద్రపోక ఏమి చేస్తుంది? మాత్ర ఆగినప్పుడు జ్వరం వచ్చింది. కార్టిసాల్ అవసరం పెరిగింది. ఇవ్వవలసిన గ్రంథి నిద్రలో ఉన్నది. ఫలితమే ఆ స్పృహ తప్పడం. తరువాత వైద్యుడు మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తూ, దాదాపు ఏడాదికి ఆ నిద్రను వదలించాడు.

హార్మోను తక్కువైతే

మందు వల్ల కాక, గ్రంథియే చెడిపోయి హార్మోను తగ్గితే దానిని ఆడిసన్ వ్యాధి అంటారు. విపరీతమైన నీరసం, బరువు తగ్గడం, నిలబడగానే కళ్లు తిరగడం, వాంతులు, ఉప్పు మీద మక్కువ దీని లక్షణాలు. ముఖ్యమైన గుర్తు చర్మం నల్లబడటం. అరచేతి గీతలలో, పాత మచ్చలలో, చిగుళ్లలో నలుపు చేరుతుంది. ఎండలో పని చేసేవారు నల్లబడటం సహజమే కదా అని మనం ఊరుకొంటాం. కాని ఎండ చిగుళ్లకు తగలదు. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొంటే ఒక ప్రాణం దక్కవచ్చును.

ఆడిసన్ చూచిన రోగులలో పలువురికి గ్రంథులు చెడినది క్షయ వల్ల. పాశ్చాత్య దేశాలలో నేడు శరీరపు రక్షణ వ్యవస్థయే పొరబడి గ్రంథిని నాశనం చేయడం ప్రధాన కారణం. మన దేశంలో క్షయ నేటికీ ఒక ముఖ్య కారణంగానే ఉన్నది. ఇందులో ఇంకొక మెలిక కలదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు శరీరంలో కార్టిసాల్‌ను త్వరగా కరిగించివేస్తుంది. అంతకుముందే బలహీనమైన గ్రంథులున్నవారు చికిత్స మొదలైన కొద్ది వారాలకే నీరసించి పడిపోవచ్చును. అట్టివారు క్షయ మందు మానకూడదు. వైద్యునికి చెప్పి లోటును పూరించుకోవాలి. క్షయ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితమేనన్న సంగతి మరువరాదు.

ఆడిసన్ వ్యాధి వచ్చినంత మాత్రాన జీవితం ముగియదు. అమెరికా అధ్యక్షుడుగా 1961 నుండి 1963 వరకు పని చేసిన జాన్ కెనెడీకి ఈ వ్యాధి ఉండేది. ప్రతిదినం తగిన హార్మోను తీసుకొంటూనే ఆయన అంతటి బాధ్యత నిర్వహించాడు.

హార్మోను ఎక్కువైతే

కార్టిసాల్ మితిమీరితే కలిగే స్థితిని అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ పేరుతో పిలుస్తారు. చంద్రబింబం వంటి ముఖం, మెడ వెనుక కొవ్వు, పెద్ద పొట్ట, సన్నని కాళ్లు చేతులు, పొట్ట మీద ఊదారంగు చారలు, తేలికగా కమిలే చర్మం దీని బాహ్య లక్షణాలు. లోపల మధుమేహం, రక్తపు పోటు, ఎముకలు గుల్లబారడం, కండరాల బలహీనత, మనసు చికాకు కలుగుతాయి. పీయూష గ్రంథిలోనో, అధివృక్కంలోనో గడ్డ పెరిగి ఈ వ్యాధి రావడం అరుదు. బయటినుండి వాడిన స్టిరాయిడ్ల వల్ల రావడమే ఎక్కువ. మనం "ఒళ్లు చేసింది" అని మెచ్చుకొన్న ఖాలా ముఖం ఆరోగ్యం కాదు, వ్యాధి.

ఆల్డోస్టిరోన్ ఎక్కువైతే శరీరంలో ఉప్పు నిలిచి పోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గి కండరాలు నీరసిస్తాయి. 1955లో దీనిని వర్ణించిన వైద్యుడు జెరోమ్ కాన్. చిన్న వయసులోనే పోటు వచ్చి, మూడు రకాల మందులకూ లొంగనివారిలో దీనిని గురించి పరీక్షించడం మంచిది.

పుట్టుకతో వచ్చే లోపం

కార్టిసాల్ తయారీకి అవసరమైన ఎంజైము పుట్టుకతోనే లోపించే వ్యాధి ఒకటున్నది. కార్టిసాల్ రాదు గనుక పీయూష గ్రంథి ఆజ్ఞల మీద ఆజ్ఞలు పంపుతుంది. గ్రంథి ఉబ్బిపోతుంది. ముడిసరుకంతా దారి మళ్లి పురుష హార్మోనులుగా మారుతుంది. ఆడశిశువుల జననాంగాలు మగశిశువుల వలె కనబడవచ్చును. మగశిశువులు చూచుటకు మామూలుగనే ఉంటారు. వారికే ప్రమాదం ఎక్కువ, ఏలనగా ఎవరికీ అనుమానం రాదు. రెండవ, మూడవ వారంలో వాంతులు, బరువు తగ్గడం, ఉప్పు కోల్పోయి సొమ్మసిల్లడం జరుగుతుంది. బిడ్డకు పాలు పడలేదని, దిష్టి తగిలిందని అనుకొంటుండగానే ప్రాణం పోతుంది.

ఇది ఎక్కడో విదేశాలలోని వ్యాధి కాదు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సుమారు 2,575 మందిలో ఒకరికి ఈ లోపం కనబడింది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుతో సహా అయిదు మహానగరాలలో లక్షకు పైగా శిశువులను పరీక్షించింది. అందులో సుమారు 5,762 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. మడమ నుండి తీసిన కొన్ని రక్తపు చుక్కలతో దీనిని కనుగొనవచ్చును. కనుగొన్న బిడ్డకు ప్రతిదినం హార్మోను మాత్ర ఇస్తే, ఆ బిడ్డ అందరి వలె ఎదిగి చదువుకోగలదు.

తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఈ లోపపు జన్యువు ఒక్కొక్కటి దాగి ఉన్నప్పుడే బిడ్డకు వ్యాధి వస్తుంది. అట్టి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. ఒకే వంశం నుండి వచ్చినవారు ఒకే జన్యువును పంచుకొనే అవకాశం హెచ్చు. మేనమామను, మేనబావను చేసుకొనే ఆచారం హిందువులలోనూ, పినతండ్రి, మేనత్త బిడ్డలను చేసుకొనే ఆచారం మన ముస్లిము కుటుంబాలలోనూ ఉన్నది. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. కాని ఇంటిలో పసిబిడ్డలు కారణం తెలియక పోయిన చరిత్ర ఉంటే, తరువాతి కాన్పుకు ముందే వైద్యునితో ఆ మాట చెప్పడం మంచిది. ఆడబిడ్డ అంగాలలో తేడా కనబడితే సిగ్గుపడి దాచడం ఆ బిడ్డకు అన్యాయం చేయడమే.

మందు అమృతమా, విషమా?

ఇంతవరకు చదివిన పాఠకులు స్టిరాయిడు అంటేనే విషమని భావించే ప్రమాదమున్నది. అది సరికాదు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ బహుమతి లభించింది. ఉబ్బసం, తీవ్రమైన ఎలర్జీ, కొన్ని కీళ్ల వ్యాధులు, మూత్రపిండాల వ్యాధులు వీటిలో ఈ మందు నేటికీ ప్రాణదాతయే. ఉబ్బసానికి పీల్చే మందులోని మోతాదు అతి స్వల్పం. భయపడి దానిని మానరాదు.

మోతాదు, సమయం, అవసరం అనే మూడింటి మీదనే మంచి చెడులు ఆధారపడి ఉంటాయనుటకు కరోనా కాలమే సాక్ష్యం. ప్రాణవాయువు అవసరమైన రోగులకు దినానికి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని 2020లో ఇంగ్లండు పరిశోధన తేల్చింది. ప్రాణవాయువు అవసరం లేనివారికి మేలు కనబడలేదు. కాని 2021 రెండవ విడతలో భయం కొద్దీ అవసరం లేనివారు కూడ, అధిక మోతాదులో వాడారు. మధుమేహులలో చక్కెర హద్దు మీరింది. నల్ల ఫంగసు అనే వ్యాధి విజృంభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మే నెలలో దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చవలసి వచ్చింది. కళ్లు కోల్పోయినవారు, దవడలు కోల్పోయినవారు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉన్నారు.

యువతీ యువకులకు ప్రత్యేకంగా ఒక మాట. ముఖం తెల్లబడుతుందని పూసుకొనే కొన్ని లేపనాలలో స్టిరాయిడు ఉంటుంది. మొదట మెరుపు వస్తుంది. తరువాత చర్మం పలుచబడి, ఎర్రబారి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మంట పుడుతుంది. అందుచే మరల పూస్తారు. ఈ దుర్వినియోగాన్ని గుర్తించియే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 రకాల స్టిరాయిడు లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమించింది. ఛాయను మార్చుకోబోయి చర్మాన్నే పోగొట్టుకోవడం వివేకం కాదు.

మనం చేయదగినవి

1. పేరు లేని పొట్లాలు, చీటీ లేని చూర్ణాలు వాడరాదు. నాలుగు రోజులలో ఏళ్లనాటి నొప్పి మాయమైతే సంతోషించుటకు ముందు సందేహించాలి.

2. మూడు, నాలుగు వారాలకు మించి స్టిరాయిడు వాడినవారు హఠాత్తుగా ఆపరాదు. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించాలి.

3. దీర్ఘకాలం వాడుతున్నవారు ఆ సంగతి వ్రాసిన చీటీ ఒకటి జేబులో ఉంచుకోవాలి. పన్ను తీయించుకొన్నా, శస్త్రచికిత్స జరిగినా ముందుగా చెప్పాలి. జ్వరం, వాంతులు వచ్చినప్పుడు మోతాదు పెంచవలసి ఉంటుంది గనుక వెంటనే వైద్యుని చూడాలి.

4. రంజాను మాసంలో ఉపవాసముండగోరే ఆడిసన్ రోగులు, స్టిరాయిడు వాడేవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ధర్మంలోనే ఉన్నది. దానిని ఉపయోగించుకోవడం దోషం కాదు.

5. రెండు, మూడు వారాల పసికందు వాంతులు చేసుకొంటూ బరువు తగ్గితే ఒక్క దినం కూడ ఆలసించరాదు.

ముగింపు

మా ఖాలా ఇప్పుడు కుదుటపడింది. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు. చేతికర్ర సాయంతో నడుస్తుంది. ముఖంలోని గుండ్రదనం పోయి పాత ముడతలు తిరిగి వచ్చాయి. మాకు ఆ ముడతలే ముద్దు. ఆమె చదువుకోలేదు. కాని ఆ పొట్లం తెచ్చి ఇచ్చినది పదవ తరగతి చదివిన మనుమడు. ఏడాదిన్నర పాటు చూస్తూ ఊరుకొన్నది ఎం.ఏ. చదివిన నేను. ఇందులో తప్పెవరిదో చెప్పనవసరం లేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో అధికులు ఇటువంటి పల్లెల నుండియే వచ్చినవారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నానమ్మ ఆకువక్కల సంచిలో, తాతయ్య చొక్కా జేబులో ఏ మాత్రలున్నాయో ఒకసారి అడిగి చూడండి. పేరు లేకపోతే వైద్యునికి చూపించండి. వెంటనే మాన్పించకండి, ముందు చూపించండి. మన కళాశాల జాతీయ సేవా పథకం వారు పల్లెలలో శిబిరం జరిపేటప్పుడు ఈ విషయాన్ని కూడ చేర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయంగా కోరుతున్నాను.

పది గ్రాములకు మించని రెండు గ్రంథులు రాత్రింబవళ్లు మనకు కాపలా కాస్తున్నాయి. వాటిని అజ్ఞానంతో నిద్రపుచ్చక, ఆపదలో మేలుకొని ఉండేటట్లు చూచుకోవడం మన చేతిలోని పని.